'బ' లేని అర్జీలు

ఈ సాయంత్రం కూడా మనవాళ్లే ఓడిపోతున్నారు, దస్తగిరీ.
రెండు సున్నా.
రెండోది మన గోలీ కాళ్ల సందులోంచే పోయింది.
రైలుకట్ట పక్క పిట్టగోడ మీద
ఎండకి కాలిన ఇటుకల మీద తువ్వాళ్లు పరుచుకుని
వాణ్ణి తిట్టాల్సినవన్నీ తిట్టేశాం.
ఇక మాటల్లేక
నిన్ను తలుచుకుంటున్నాం.

నీకు ఆట తెలీదు.
ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో గవర్రాజు మూడేళ్లు చెప్పాడు నీకు
టీగ్లాసులు పేర్చి, అగ్గిపుల్లలు పేర్చి
ఆఖరికి మమ్మల్నే వరసగా నిలబెట్టి.
"ముందే వెళ్లి నిలబడటం నేరమా?
మరి ఆఫీసులో పదింటికే లైన్లో ఉండమంటారే!"
అన్నావు.
గవర్రాజు ఆ గ్లాసులు తీసుకెళ్లి కడిగి ఇచ్చేశాడు.

సబ్ కలెక్టరాఫీసు ఎదురుగా, జెరాక్సు కొట్టు పంచలో
ఒక స్టూలు, ఒక తెలుగు మిషను, నువ్వు.
మీ నాన్న దూదేకే వింటికి ఒకటే నారి
నీ మిషనుకి ఇన్నేసి మీటలు
అయినా ఇద్దరం చేసేది చిక్కు విడదీయడమేరా అనేవాడివి.

గ్రౌండులో సున్నంతో గీతలు గీసిన రోజు
మేం పెనాల్టీ బాక్సనుకున్నాం.
కొట్ల కొలతలవి.
అరవై నాలుగు కొట్లు, పైన కల్యాణమండపం.
మేం అరిచాం, గోల్‌పోస్టుకి నల్లజెండా కట్టాం,
ఇద్దరం స్టేషన్లో రాత్రంతా దోమల్ని కొట్టుకుంటూ కూర్చున్నాం.
నువ్వు అరవలేదు. నీకు గొంతు లేదు.
పొద్దున్నే టీ తెచ్చి
"అరిచింది కాయితం మీద పెట్టండి, లేకపోతే గాలికి పోతుంది" అన్నావు.

సోమవారం, సోమవారం, సోమవారం.
నూట ముప్ఫై ఒక్క అర్జీలు.
వించిపేటలో వేలిముద్ర వేయని ముసలమ్మ లేదు
బంతిని ఏనాడూ కంట చూడని చేపలవాళ్లు సైతం
పొలుసులంటిన బొటనవేలు నొక్కారు.

నీ మిషన్లో 'బ' విరిగిపోయింది.
బంతి దగ్గర ఖాళీ. క్లబ్బు దగ్గర ఖాళీ.
బెజవాడ దగ్గరా ఖాళీయే.
తర్వాత నీలి సిరాతో ఒక్కొక్కటే నింపేవాడివి
పళ్లూడిన నోట్లో కట్టుడుపళ్లు పెట్టినంత ఓపిగ్గా.
బాగు చేయించుకోవయ్యా అంటే నవ్వి
"ఉండనీ, గుర్తుంటాం" అన్నావు.
గుర్తున్నాం. లోపలి గుమాస్తా మమ్మల్ని చూడగానే
"వచ్చారా 'బ' లేని వాళ్లు" అనేవాడు.
ఆయనే కదా చివరికి విసుగొచ్చో, జాలేసో
చెదలు తిన్న ఆ రిజిస్టరు నీ ముందు పడేసింది!
మూడో పేజీ అంచున ఎవరిదో పాత దస్తూరీ:
'పిల్లలు ఆడుకొను జాగా. అమ్మరాదు.'

నువ్వు దాన్ని పైకి చదవలేదు.
కళ్లజోడు తీసి, తుడిచి
ఆరు కార్బన్ కాపీలు కొట్టావు.

ఇప్పుడు గేటు మీద బోర్డు చూడాలి నువ్వు.
పెయింటరు భిక్షం అన్నీ ఎర్రగా రాసి
క్లబ్బులో 'బ్బు' ఒక్కటీ నీలంగా రాశాడు.
కొత్తగా వచ్చినవాళ్లు రంగు చాల్లేదనుకుంటారు.
మేం చెప్పం.

నీ పద్దుపుస్తకం మస్తానమ్మే తెచ్చింది, నలభయ్యోరోజు దాటాక.
పేజీకి పన్నెండు చొప్పున, కార్బన్లతో కలిపి
క్లబ్బు బాకీ: నాలుగు వేల నూట పదహారు.
ఉచితంగా చేశావనుకున్నాం!
చందా వేసి ఇవ్వబోతే ఆమె తీసుకోలేదు.
"ఆయన వాయిదాల మనిషి.
మీవాళ్లు గోలు కొట్టినప్పుడల్లా పది రూపాయలివ్వండి, చాలు."
ఏడాదైంది, దస్తగిరీ.
నూట డెబ్భై తీరింది.
ఈ లెక్కన మా మనవలు కూడా నీకు బాకీయే.

ఉండుండు —
కార్నరు. గాలిలో లేచింది. ఎవడిదో తల.
వలలో పడింది!
గోడ మీంచి ఒకేసారి లేచాం
గవర్రాజు చెయ్యి అప్పుడే జేబులోకి పోయింది
పది నోటు సగం బయటికొచ్చింది

అటు, గీత దగ్గర కుర్రాడు జెండా ఎత్తాడు.
గోలు లేదట.
మనవాడు ముందే వెళ్లి నిలబడ్డాడట.

గవర్రాజు నోటు జేబులో పెట్టుకోలేదు.